పెద్దమ్మా అని పిలిచాక

పదకొండూ పదికి కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. టైం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. సరిగ్గా అప్పుడే నేను ఒక రిపోర్టు మీద సంతకం పెట్టి పక్కన టైం వేస్తున్నాను. మా గదిలో ప్రతి రిపోర్టు మీదా అలా వెయ్యాలి. కోవిడ్ రావడానికి ముందు ఏడాది, జూన్ నెల. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో బంగినపల్లి కోత అయిపోయింది. ఆలస్యంగా వచ్చే కలెక్టరు కాయ మాత్రం ఇంకా లారీలకెక్కుతోంది.

నేను పనిచేసేది ఆ ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో, ఐసీటీసీ అని బోర్డు ఉన్న గదిలో. హెచ్‌ఐవీ పరీక్షకు ముందూ తర్వాతా మనిషిని కూర్చోబెట్టి మాట్లాడే గది అది. నా ఉద్యోగం పేరు కౌన్సిలర్. పక్క గదిలో ల్యాబ్ టెక్నీషియన్ జ్యోతిగారు రక్తం తీస్తారు. ఒకే రక్తాన్ని మూడు రకాల కిట్లతో చూసి, మూడింటిలోనూ వస్తేనే పాజిటివ్ అని రాస్తాం.

ఆ రోజు నేను సంతకం పెట్టిన రిపోర్టు తిరపతమ్మ అనే ఆవిడది. అరవై దాటిన మనిషి. ఆవిడని అడగాల్సిన ప్రశ్న ఒకటి నేను అడగలేదు. దానివల్ల ఇంకొక మనిషికి అందాల్సిన వైద్యం ఏడు నెలలు ఆలస్యమైంది. ఇక్కడ రాస్తున్నది ఆ ఏడు నెలల సంగతి.

ముందు మా రిజిస్టరు గురించి కొంచెం చెప్పాలి. అందులో ఒక గడి ఉంటుంది. వచ్చిన మనిషి ఏ కోవకు చెందుతారో అక్కడ రాయాలి. లారీ డ్రైవర్లు, వలస కూలీలు, సెక్స్ వర్కర్లు, మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు, సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లు, గర్భిణులు, తల్లి నుంచి జబ్బు వచ్చిన పిల్లలు. ఇందులో ఎవరూ కాకపోతే జనరల్ అని రాస్తాం. ఎక్కడ ఎక్కువ పని చేయాలో పైవాళ్లకు తెలియడానికి ఆ గడి కావాలి. దాన్ని తప్పుపట్టను. కానీ ఏళ్ల తరబడి అది నింపిన మనిషికి ఒక అలవాటు వస్తుంది. తలుపు తీసుకుని లోపలికొస్తున్న మనిషిని చూడగానే గడి మనసులో నిండిపోతుంది.

జబ్బు ఒకటే అయినా వచ్చేవాళ్ల భయం ఒకటి కాదు. అయిదో నెల కడుపుతో వచ్చిన పిల్ల తన గురించి ఒక్క మాటా అడగదు, బిడ్డకు వస్తుందా అనే అడుగుతుంది. చిన్నప్పటి నుంచి మాత్రలు మింగుతూ పెరిగిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, వాళ్లు అడిగేది పెళ్లి గురించి. మగవాళ్లతో స్నేహం ఉన్న కుర్రాళ్లు మా దగ్గరకు దాదాపు రారు. మా ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి బస్సెక్కి విజయవాడ పోతారు. ఉచితంగా మందులు రాకముందే భర్తలు పోయిన ఆడవాళ్లు కొందరున్నారు. వాళ్లు ఏమీ అడగరు. మాత్రలు తీసుకుని వెళ్లిపోతారు.

ఒకసారి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. సీజన్‌లో కాయ వేసుకుని నాగపూర్ పోయొచ్చే మనిషి. ఆయన గుమ్మం దాటగానే నేను ఎంతమందితో సంబంధం ఉందంటూ ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆయన నిలబడే విన్నాడు.

"ముందు కుర్చీ చూపించండి సార్. ఎంతమందనేది కూర్చున్నాక లెక్కేసుకుందాం," అన్నాడు.

పక్క గదిలో జ్యోతిగారు నవ్వారు. నేనూ నవ్వాను. అందులో ఎత్తిపొడుపు ఉందని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయన రిపోర్టు నెగెటివ్.

తిరపతమ్మ వచ్చింది హెచ్‌ఐవీ గురించి కాదు. శుక్లాల ఆపరేషన్‌కి. ఆపరేషన్ ముందు చేసే రక్తపరీక్షల్లో మాదీ ఒకటి. రెడ్డిగూడెం దగ్గర ఒక పల్లె ఆవిడది. మామిడి తోటల్లో కాయ ఏరే పని. కోసిన కాయల్లోంచి మచ్చ ఉన్నవి, దెబ్బ తగిలినవి పక్కకు తీసి, మంచివి వరిగడ్డి వేసిన పెట్టెల్లో సర్దాలి. చేతులమీద మామిడి సొన కాల్చిన నల్లమచ్చలు ఉన్నాయి.

"కాయమీద మచ్చ ఆనటం లేదయ్యా," అంది కూర్చుంటూ. "మొన్న మచ్చకాయ తీసుకెళ్లి మంచికాయల్లో పెట్టా. మేస్త్రీ అందరిముందూ, 'మామ్మా, నువ్వింక ఇంటికాడ కూర్చో, కాయ నిన్ను చూసి నవ్వుతోంది' అన్నాడు. వాడికి పని నేర్పింది నేను."

ఆ ఏడాది ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. అంతకు ముందు చలికాలంలో ఆమెకూ ఇదే ఆపరేషన్ జరిగింది, కుడి కంటికి. ఎడమ కంటికి చేయించే లోపల పోయింది. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను. ఆ నాలుగు నెలలూ నేను పనికి వస్తూనే ఉన్నాను, ఇంటికెళ్లి పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చునేవాణ్ణి. అంత చాలు.

మా వైపు మనిషి కనబడగానే వరస కలుపుతాం. బస్సులో పక్క సీటు ఆవిడ అక్క అవుతుంది, పాలు పోసే ఆయన బాబాయ్ అవుతాడు. పిలుపు కుదిరాకే మాట మొదలవుతుంది. నేను మా గదిలోనూ అదే చేసేవాణ్ణి. భయంతో వచ్చినవాళ్లు ఆ పిలుపుతో కొంచెం కుదుటపడతారని నా నమ్మకం. చాలామంది కుదుటపడ్డారు కూడా.

"పేరు చెప్పు పెద్దమ్మా," అన్నాను.

"పెద్దమ్మంటన్నావ్. మీ అమ్మ నాకంటే చిన్నదా ఏంటి?"

"చిన్నదే అనుకుంటా."

"బాగుందా?"

"లేదు పెద్దమ్మా. పోయి నాలుగు నెలలైంది."

ఆవిడ చెయ్యి చాచి టేబులు మీద ఉన్న నా చేతిని పట్టుకుంది. "అయ్యో నాయనా," అంది. కాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత నేను అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. నీతో ఇప్పుడు ఎవరైనా ఉంటున్నారా, భర్త కాక ఇంకెవరితోనైనా సంబంధం ఉందా. మామూలుగా రోజుకు పదిహేనుసార్లు అడిగేవే. భర్త గురించి అడిగాను. పోయి పద్దెనిమిదేళ్లయిందని చెప్పింది. వితంతువు అని రాసుకుని, మిగతావి దాటేసి, రక్తం తీయించుకోమని పక్క గదికి పంపాను. గడిలో జనరల్ అని ముందే రాసేశాను.

జ్యోతిగారు మూడు కిట్లూ చూసి, నా టేబులు దగ్గరకొచ్చి కాగితం పెట్టారు. మూడింటిలోనూ పాజిటివ్.

"ఈవిణ్ణి అన్నీ అడిగారా?"

"పెద్దావిడండీ."

"పెద్దావిడైతే? మీరు అడగలేకపోతే చెప్పండి, నేనడుగుతాను."

"వద్దండీ," అన్నాను. సంతకం పెట్టి టైం వేస్తుండగా కరెంటు పోయింది.

తలుపు వేసి, తిరపతమ్మకు చెప్పాను. ఎంత మెల్లగా చెప్పొచ్చో అంత మెల్లగా. ఆవిడ తలవంచుకుని చేతి మచ్చల్ని రుద్దుకుంటూ విన్నది.

"ఎయిడ్సంటే గోడలమీద రాస్తారు, అదేగా?"

"అది ముదిరితే ఎయిడ్స్. నీకు ముదరలేదు. మాత్రలు వేసుకుంటే ముదరదు కూడా."

"అది వయసోళ్ల జబ్బు కదయ్యా."

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండాలి. వయసుతో దానికి పనిలేదని, అరవై ఏళ్ల మనిషికీ జీవితం ఉంటుందని చెప్పాలి. నేను వేరే దారి వెతుక్కున్నాను.

"నీకెప్పుడైనా రక్తం ఎక్కించారా పెద్దమ్మా?"

"గర్భసంచి తీసినప్పుడు రెండు సీసాలు ఎక్కించారు. పన్నెండేళ్లయింది."

"అయితే అదే అయ్యుంటుంది."

పన్నెండేళ్ల కింద కూడా రక్తం పరీక్ష చేశాకే ఎక్కించేవారు. ఆ సంగతి నాకు తెలుసు. అందరికీ చెప్పేవాణ్ణి. ఆ పూట దాన్ని పక్కన పెట్టేశాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. కొంచెంసేపు అలాగే చూసి, "అయితే బాబూ, ఇది ఒకళ్ల కాణ్ణించి ఒకళ్లకి..." అంటూ ఆగింది.

నేను అందుకున్నాను. "కలిసి తింటే రాదు. ఒకే గ్లాసుతో తాగినా రాదు. మనవళ్లని ఎత్తుకోవచ్చు, ముద్దుపెట్టుకోవచ్చు. ఏం భయం లేదు."

"మంచిది," అంది.

ఆవిడ అడగబోయింది మనవళ్ల గురించి కాదు.

బయట కొడుకు శ్రీను ఉన్నాడు. మార్కెట్‌లో కాటా దగ్గర పనిచేస్తాడు. చెప్పమంటావా అని అడిగితే, "నువ్వే చెప్పు, నావల్ల కాదు," అంది. చెప్పాను. అతను గోడకానుకుని, "అమ్మకా సార్? ఇంకోసారి చూడండి. కాగితాలు మారిపోయుంటాయి," అన్నాడు. రక్తం ఎక్కించడం గురించి చెప్పగానే మొహం తేటపడింది. "అదీ. అట్టా చెప్పండి. మా అమ్మ అలాంటిది కాదని నాకు తెలుసు." ఆ మాటకు నేను తలూపాను. అలాంటిది అంటే ఎలాంటిదని అడగలేదు. ముగ్గురికీ హాయిగా ఉంది. రిజిస్టరులో, ఎలా వచ్చింది అన్న చోట రక్తం అని రాశాను. భాగస్వామి అన్న చోట లేరు అని రాశాను. భాగస్వామి ఉంటే వాళ్లను పిలిపించి పరీక్ష చేయాలి, అది మా పనిలో ముఖ్యమైన భాగం. లేరు అని రాస్తే ఆ పని అక్కడితో ఆగిపోతుంది.

ఆవిడ సీడీఫోర్, అంటే ఒంట్లో రోగాన్ని తట్టుకునే కణాల లెక్క, మరీ తక్కువేం లేదు. హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మాత్రలు మొదలుపెట్టారు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒకటి. ఆగస్టులో కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని నా గదికొచ్చి, "నువ్వు నల్లగా ఉంటావే. నేను తెల్లగా ఉంటావనుకున్నా," అంది.

ప్రతి నెలా వచ్చేది. మాత్రలు తీసుకున్నాక పని లేకపోయినా పది నిమిషాలు కూర్చునేది. నేను సరిగ్గా తింటున్నానా అని అడిగేది. ఒకసారి గోంగూర పచ్చడి తెచ్చింది. నేను ఆ రోజుల కోసం చూసేవాణ్ణి, అది దాచను.

ఆ పది నిమిషాల్లో ఆవిడ నాకు రెండుసార్లు తలుపు తీసింది. మొదటిసారి అక్టోబరులో. మాత్ర వేసుకున్నాక తల తిరుగుతోందని, తోటలో గట్టుమీద కాసేపు కూర్చుంటున్నానని చెప్పింది.

"రాత్రిపూట తోటలో ఏం పని పెద్దమ్మా?"

"కాపలా ఆయనకి అన్నం తీసుకెళ్తాలే."

వంట చేసిపెడితే ఆయన ఏదో ఇస్తాడనుకున్నాను. ఇంకోసారి డిసెంబరులో, లేచి వెళ్లబోతూ అడిగింది.

"ఇక్కడ దగ్గుకి మందిస్తారా?"

"దగ్గుతున్నావా?"

"నాక్కాదులే. తోటలో ఆయన. పూత మీద మందు కొట్టినప్పట్నించీ ఒకటే దగ్గు. ఆర్ఎంపీ సూదేస్తానంటే పారిపోతాడు. అంత మనిషి, సూదంటే భయం."

"ఒకసారి ఇక్కడికి తీసుకురా, చూపిద్దాం."

"రమ్మంటే వచ్చే మనిషైతేగా," అని నవ్వి వెళ్లింది.

జనవరి మూడో వారంలో జ్యోతిగారు ఒక రిపోర్టు తెచ్చారు. క్షయ వచ్చిన ప్రతివాళ్లకూ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తాం. వార్డులో చేరిన ఒక క్షయ రోగికి పాజిటివ్ వచ్చింది. పేరు నాంచారయ్య, వయసు అరవై అయిదు. ఇరవై ఏళ్లు లారీ నడిపి, చూపు తగ్గాక మామిడి తోట కాపలాకు కుదిరిన మనిషి. రిజిస్టరు తీసి, గడిలో ట్రక్కర్ అని రాసుకునే మేడ మీద వార్డుకు వెళ్లాను.

మంచం పక్కన నేలమీద తిరపతమ్మ కూర్చుని ఉంది. గిన్నెలో జావ కలుపుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మంచం పట్టె పట్టుకుంది.

"నువ్వా బాబూ," అంది. కొంచెం ఆగి, మంచం వైపు చూపిస్తూ, "ఈయనే," అంది.

ఆ ఈయన అనడంలోనే నాకు అంతా తెలిసింది. మా వైపు ఆడవాళ్లు అలా అనేది ఒక్కరినే.

వార్డులో చుట్టూ మంచాలుంటాయి. అక్కడ చెప్పే మాట కాదు. ఆయన్ని వీల్ చైర్లో కూర్చోబెట్టి వరండా చివరకు తీసుకెళ్లాం. తోసింది ఆవిడే. ఎముకల మీద చర్మం తప్ప ఏం లేదు, కానీ మీసం దువ్వి ఉంది.

"మీ రక్తపరీక్ష గురించి మాట్లాడాలండీ. ఈవిడ ఇక్కడ ఉండొచ్చా? వద్దంటే పక్కకు వెళ్తారు."

"పక్కకు పంపితే నాకు జావ ఎవరు పోస్తారు?" అన్నాడు. "ఉండనీ."

చెప్పాను. ఆయన దగ్గు తగ్గేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. తిరపతమ్మ సంగతి నేను చెప్పకూడదు. అది ఆవిడ చెప్పుకోవాలి, లేదా దాచుకోవాలి. నేను కాగితాలు సర్దుతూ నిలబడ్డాను. ఆవిడ వీల్ చైర్ వెనక నుంచి ముందుకొచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"నేను వేసుకునే మాత్రలు దీనికేనయ్యా," అంది. "రక్తం తక్కువగా ఉందని నీతో అబద్ధమాడా."

ఆయన ఆవిడ వైపు వంగాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"జూన్ నుంచి."

"పిచ్చిదానా. చెబితే ఇద్దరం ఒకే డబ్బాలోంచి వేసుకునేవాళ్లం గదా."

ఆవిడ ఏడ్చింది. ఆయన చెయ్యెత్తి ఆవిడ తలమీద పెట్టాడు. ఆ చేతిని పైకెత్తడానికే ఆయనకు ఊపిరాడలేదు. నేను వరండా అవతల కనబడుతున్న సైకిల్ స్టాండు వైపు చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఆయన నన్ను అడిగాడు. "నావల్ల ఈమెకా, ఈమె వల్ల నాకా?"

"అది ఎవరూ చెప్పలేరండీ. తెలుసుకుని చేసేది కూడా ఏం లేదు. ఇప్పుడు మందులు మొదలుపెట్టడమే ముఖ్యం."

"కాగితంలో ఏం రాశావ్ ఈమెకి?"

నేను తిరపతమ్మ వైపు చూశాను. ఆవిడే చెప్పింది. "రక్తం ఎక్కించినప్పుడు వచ్చిందని రాశాడు."

"అట్టాగే ఉండనీ," అన్నాడు. "కొట్టెయ్యమాక. నాకు లారీ అని రాయి. లారీవాణ్ణి ఎవరేమన్నా అలవాటే. ఈమెని ఒక మాట అనకూడదు."

నేను అప్పటికే అలాగే రాసుకున్నాను. ఆ మనిషిని చూడకముందే. కుర్చీ చూపించమన్న డ్రైవరు అప్పుడు గుర్తొచ్చాడు.

క్షయ మందులు ముందు మొదలుపెట్టి, కొన్నాళ్లాగి ఏఆర్‌టీ ఇవ్వాలి. రెండూ ఒకేసారి ఇస్తే ఒళ్లు తట్టుకోదు. ఆయన సీడీఫోర్ చాలా కిందికి పడిపోయి ఉంది. జూన్‌లో పరీక్ష చేసి ఉంటే ఆ లెక్క ఎంత ఉండేదో నాకు తెలియదు. డాక్టరుగారిని అడిగాను. "అప్పటికి క్షయ రాకపోయి ఉండొచ్చు," అన్నారు. అంతకుమించి నేను అడగలేదు.

ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొమ్మిదో రోజు నాంచారయ్య పోయాడు. ఆ తొమ్మిది రోజులూ ఇద్దరూ మాత్రలు ఒకే టైంకి వేసుకున్నారని నర్సు చెప్పింది. ఉంగుటూరు వైపు నుంచి ఆయన తమ్ముడి కొడుకులు వ్యాన్ తెచ్చారు. మీరెవరని అడిగితే, తోటలో పనిచేసే మనిషినని తిరపతమ్మ చెప్పింది. వాళ్లు ఆయన సంచి, చెప్పులు, దుప్పటి ఆవిడ చేతిలోంచి తీసుకుని థాంక్సమ్మా అన్నారు. వ్యాన్ వెళ్లాక ఆవిడ గేటు దగ్గర నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. బస్సు వచ్చాక ఎక్కించాను.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు లేవు, మాత్రలకు రాలేనివాళ్లకు మేమే తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. ఏప్రిల్‌లో ఒక పొద్దున బైకు మీద తిరపతమ్మ పనిచేసే తోటకు వెళ్లాను. కాపలా పాకలో ఇప్పుడు ఆవిడే ఉంటోంది. తోట ఆసామి ఆ పని ఆవిడకే ఇచ్చాడు. కోతకు మనుషులు రావడం లేదు. పండిన కాయ చెట్టుకింద రాలి ఉంది.

రెండు నెలల మాత్రలు చేతికిచ్చి, అడగాలని వచ్చిన మాట అడిగాను.

"ఆ రోజు నేను అడిగి ఉంటే చెప్పేదానివా పెద్దమ్మా?"

డబ్బా మూత తీసి మాత్రలు చూసి, మళ్లీ మూత పెట్టింది.

"నువ్వు పెద్దమ్మా అన్నావు. మీ అమ్మ పోయిందన్నావు. ఆ తర్వాత నాకు ఒక మగమనిషి ఉన్నాడని నీతో ఎట్టా చెప్పనయ్యా? నా కొడుక్కి చెప్పగలనా? నీకూ అంతే. ఎవరన్నా కొత్తమనిషి, 'ఏమ్మా, నీకెవరన్నా ఉన్నారా' అని మొరటుగా అడిగుంటే, ఉన్నాడనేదాన్ని. నాకేం భయం?"

"అడగబోయావు కూడా. ఒకళ్ల నుంచి ఒకళ్లకి అని."

"నువ్వు మనవళ్ల సంగతి చెప్పావు," అంది. నవ్వలేదు, కోప్పడలేదు. జరిగింది చెప్పింది, అంతే.

నేను క్షమించమని అడగాలనుకున్నాను. ఆ లోపే ఆవిడ లేచి, గంపలోంచి రెండు చిన్నరసాలు తీసి చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. "తిను. ముందు సొన పిండెయ్, మూతికి అంటుకుంటే కాలుద్ది." నేను తిన్నాను. తింటున్నంతసేపూ ఆవిడ చూస్తూ కూర్చుంది.

ఇదంతా జరిగి ఏళ్లయింది. నేను ఇంకా అదే గదిలో పనిచేస్తున్నాను. వచ్చినవాళ్లకు మొదట కుర్చీ చూపిస్తాను. డ్రైవరైనా, కడుపుతో ఉన్న పిల్లైనా, ఎనభై ఏళ్ల ముసలాయనైనా, పేరు అడిగి, పేరు చివర గారు చేర్చి, అవే ప్రశ్నలు అదే వరుసలో అడుగుతాను. ఇప్పుడు మీతో కలిసి ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ. కొందరికి కోపం వస్తుంది. బాపులపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నా వయసేంటి నువ్వడిగేదేంటి అని లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు ఒక ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, ఇద్దరికీ చెయ్యి అన్నాడు. ఇద్దరికీ నెగెటివ్ వచ్చింది. రిజిస్టరులో ఆ గడి చివరికి నింపుతాను, మనిషి మాట్లాడటం అయ్యాక. తిరపతమ్మ పేరు దగ్గర రక్తం అని ఉన్నది మాత్రం మార్చలేదు. తప్పని తెలిసీ ఉంచాను.

తిరపతమ్మ ఇప్పటికీ మాత్రలకు వస్తుంది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, అందులో ఏమీ కనబడటం లేదు. రెండో కంటికీ ఆపరేషన్ అయింది. కాయ మీద మచ్చ మేస్త్రీ కంటే ముందు ఆవిడకే కనబడుతుందట.

"కూర్చోండి తిరపతమ్మగారూ," అంటాను.

"గారంట, అండీ అంట," అని ప్రతిసారీ సణుగుతుంది. "నేనేం తప్పు చేశానని పరాయిదాన్ని చేశావు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. పని అయ్యాక బస్టాపు దాకా ఆవిడ సంచి మోసుకెళ్తాను. అక్కడ పెద్దమ్మా అనే పిలుస్తాను.

మా గదిలో మాత్రం నేనిప్పుడు ఎవరితోనూ వరస కలపడం లేదు.